బాబు కిడ్నీకి ఆపరేషన్ కావాలో వద్దో యూరిన్ టెస్ట్ చెప్పగలదా?

బాబు అమ్మ: మా వాడికి ఐదో నెల. కడుపులో ఉన్నప్పుడే స్కానింగ్‌లో ఎడమ కిడ్నీ వాచిందన్నారు. కిడ్నీ నుంచి మూత్రనాళం మొదలయ్యే చోట ఇరుకుగా ఉందట, పీయూజే బ్లాక్ అంటున్నారు. మొన్న మ్యాగ్-3 స్కాన్‌కి, అదే నరంలోకి మందు ఎక్కించి ఏ కిడ్నీ ఎంత పనిచేస్తోందో చూసేదానికి, నరం దొరక్క నాలుగు చోట్ల గుచ్చారు. ఏడ్చి ఏడ్చి నా వేలు పట్టుకునే నిద్రపోయాడు. కిడ్నీ దెబ్బతింటే మూత్రంలో కనిపించే ఎన్‌గాల్, కిమ్-1 లాంటి ప్రొటీన్లతో, అదే యూరిన్ మార్కర్లతో తేల్చేయొచ్చు కదా, మళ్లీ స్కాన్ ఎందుకు?

ల్యాబ్ మనిషి: నేను మార్కర్ల వైపే అమ్మా. ఒక కిడ్నీ చెడిపోతున్నా రెండోది దాని పని కూడా అందుకుంటుంది, అందుకే కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ నార్మల్‌గానే వస్తుంది. స్కాన్‌లో పనితీరు పడిపోయినట్టు కనిపించేసరికి కొంత నష్టం జరిగిపోయి ఉంటుంది. కిడ్నీలోని సన్నని గొట్టాల కణాలు దెబ్బతినగానే ఈ ప్రొటీన్లు మూత్రంలో పెరుగుతాయి. ఈజీఎఫ్ అనే ఇంకో ప్రొటీన్ మాత్రం తగ్గుతుంది.

పిల్లల యూరాలజిస్ట్: సూత్రం బాగానే ఉంది, చిక్కంతా శాంపిల్ దగ్గరే. బ్యాగ్‌లో పట్టేది బ్లాడర్ మూత్రం, రెండు కిడ్నీలదీ కలిసిపోయినది. బ్లాక్ గట్టిగా ఉంటే ఆ కిడ్నీ నుంచి దిగేదే తక్కువ, మంచి కిడ్నీ మూత్రం దాన్ని ఇంకా పలచన చేస్తుంది. దెబ్బ ఎక్కువైనప్పుడే ఆ కబురు మనదాకా రాకపోవచ్చు. పైగా యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చినా ఎన్‌గాల్ పెరుగుతుంది. ఇంత దాటితే ఆపరేషన్ అని అందరూ ఒప్పుకున్న అంకె లేదు. స్కాన్‌లో రెండు కిడ్నీల మొత్తం పనిలో ఆ కిడ్నీ వాటా 40 శాతం కంటే తగ్గినా, వరస స్కాన్లలో 10 శాతానికి మించి పడిపోయినా, వాపు పెరుగుతూ పోతున్నా మేం ఆపరేషన్ ఆలోచిస్తాం.

ల్యాబ్ మనిషి: కలిసిపోతుందన్న మాట ఒప్పుకుంటాను డాక్టర్ గారూ. కానీ మగపిల్లల్లో మూత్రమార్గంలోనే వాల్వ్‌లు అనే పొరలు అడ్డుపడితే ఒత్తిడి రెండు కిడ్నీల మీదా పడుతుంది. అక్కడ ఈ అభ్యంతరం అంతగా నిలవదు కదా?

పిల్లల యూరాలజిస్ట్: నిజమే, అక్కడ మార్కర్ల మీద నాకూ ఆశ ఉంది. ఈ బాబు విషయంలో మాత్రం స్కాన్ మానమని చెప్పలేను. అమ్మా, ఈసారి స్కాన్‌కు ముందు బాబుకు పాలు బాగా పట్టండి, ఒంట్లో నీరుంటే నరం తేలిగ్గా దొరుకుతుంది. పసిపిల్లలకు కాన్యులా, అంటే నరంలో పెట్టే సన్నని గొట్టం, వేసే అలవాటున్న నర్సు కావాలని మొహమాటపడకుండా అడగండి. ఈలోగా జ్వరం వస్తే ఆ రోజే ఇన్ఫెక్షన్ ఉందేమో చూసే యూరిన్ కల్చర్ పరీక్ష చేయించండి.