12 అడుగుల హాలుకు 40 వాట్లు చాలవా?

ప్రశ్న

మా హాలు 12 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు. కుర్చీకీ స్పీకర్లకూ నడుమ 10 అడుగుల దూరం ఉంటుంది. నా పాత యాంప్లిఫయర్ ఛానెల్‌కు 40 వాట్ల ఆర్‌ఎంఎస్ (నిలకడగా ఇవ్వగల శక్తి) ఇస్తుంది. కొత్తగా కొన్న స్పీకర్ల సెన్సిటివిటీ 86 డెసిబెల్స్ అని పెట్టెలోని కాగితంలో ఉంది. కనీసం 100 వాట్లు లేకపోతే ఈ స్పీకర్లు దండగేనని దుకాణదారు గట్టిగా చెబుతున్నారు. నేను ఎక్కువగా వినేది కర్ణాటక కచేరీలు. లెక్క తెలిసినవారు వివరించగలరు.

మొదటి జవాబు

వాట్ల కంటే ముందు ఆ 86 అన్న అంకెను చూడండి. ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో 86 డెసిబెల్స్ వినిపిస్తుందని దాని అర్థం. ఆరుబయట అయితే 10 అడుగుల దూరానికి సుమారు 10 డెసిబెల్స్ తగ్గుతుంది. గదిలో గోడలు శబ్దాన్ని తిప్పికొడతాయి కనుక అంత తగ్గదు, అయినా లెక్కకు అదే ఉంచుదాం. రెండు స్పీకర్లు కలిసి మోగడం వల్ల 3 పెరుగుతుంది. అంటే ఒక్కో వాటుతో మీ కుర్చీ దగ్గర 79 వస్తుంది. ఇంట్లో తృప్తిగా వినడానికి సగటున 75 చాలు కాబట్టి, మామూలు వేళల్లో మీ యాంప్లిఫయర్ అర వాటు కూడా ఖర్చు చేయదు.

అయితే తని ఆవర్తనంలో, అంటే తాళవాద్యాలు విడిగా వాయించే ఘట్టంలో, మృదంగం మీద గట్టి దెబ్బ పడ్డప్పుడు ఆ క్షణానికి శబ్దం సగటు కంటే 20 డెసిబెల్స్ దాకా లేవవచ్చు. 95కు చేరాలంటే ఇంకా 16 డెసిబెల్స్, అంటే 40 రెట్ల శక్తి కావాలి. మీ దగ్గర ఉన్నది సరిగ్గా అంతే. 100 వాట్లకు మారితే అదనంగా దక్కేది 4 డెసిబెల్స్ మాత్రమే.

రెండవ జవాబు

లెక్క బాగుంది కానీ అందులో ఒక మెలిక ఉంది. చాలా కంపెనీలు సెన్సిటివిటీని ఒక వాటుతో కాక 2.83 వోల్టులతో కొలుస్తాయి. 8 ఓమ్‌ల (విద్యుత్ నిరోధపు కొలత) స్పీకర్‌కు అది ఒక వాటే అయినా, 4 ఓమ్‌ల స్పీకర్‌కు రెండు వాట్లు అవుతుంది. కనుక స్పీకర్ వెనుక చీటీ చూడండి. శక్తి చాలని యాంప్లిఫయర్‌ను అదేపనిగా గరిష్ఠంగా వాయిస్తే తరంగాల శిఖరాలు తెగిపోయి ట్వీటర్ (హెచ్చు స్థాయి స్వరాలు పలికే చిన్న స్పీకర్) మాడిపోయే ప్రమాదం ఉంది.

దుకాణదారు మాటకు వస్తే, వెనుకటికి టేప్ రికార్డర్ల మీద వేలల్లో అచ్చువేసిన పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ శక్తి) వాట్లను చూసి కొన్న అలవాటు మనలో ఇంకా పోలేదేమో!

ప్రశ్న అడిగినవారు

చీటీ మీద 4 ఓమ్‌లు అనే ఉంది. యాంప్లిఫయర్ 4 ఓమ్‌లకు 60 వాట్లు ఇస్తుందని దాని పుస్తకంలో ఉంది.

మొదటి జవాబు ఇచ్చినవారు

అయితే ఆ 86 రెండు వాట్లతో కొలిచినదై ఉంటే కావలసింది 40కి రెట్టింపు, అంటే 80 వాట్లు; ఉన్నది 60. తేడా డెసిబెల్ పైచిలుకు. కుర్చీని రెండడుగులు ముందుకు జరిపితే దాదాపు 2 డెసిబెల్స్ కలిసివస్తాయి. యాంప్లిఫయర్‌ను ఉండనివ్వండి.