సంపదకు హద్దు గీసిన చట్టాలు ఎందుకు నిలవలేదు?

ప్రశ్న – గోదావరి గట్టు:
సంపద కొద్దిమంది చేతుల్లో పోగుపడకుండా చూడాలని రాజ్యాంగంలోని 39(సి) అధికరణ ప్రభుత్వానికి నిర్దేశిస్తోంది. ఆ ఉద్దేశంతోనే 1953లో ఎస్టేట్ సుంకం (మనిషి చనిపోయాక వారసులకు వెళ్లే ఆస్తిపై పన్ను), 1957లో సంపద పన్ను వచ్చాయి. మొదటిది 1985లో, రెండోది 2015లో రద్దయ్యాయి. పట్టణ భూపరిమితి చట్టాన్ని కేంద్రం 1999లో ఎత్తివేయగా, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2008లో ఆ బాటే పట్టింది. వచ్చే ఎన్నికలకు అవతల చూడలేని రాజకీయమే దీనికి కారణమా, లేక మనిషి ఆస్తికి పరిమితి విధించడమే ఆచరణలో కుదరని పనా? పెద్దలు వివరించగలరు.

సమాధానం – మాజీ రెవెన్యూ ఉద్యోగి:
వ్యవసాయ భూమి సంగతి నాకు దగ్గరగా తెలుసు. మన రాష్ట్రంలో 1961 నాటి భూపరిమితి చట్టం నేల రకాన్ని బట్టి 27 నుంచి 324 ఎకరాల దాకా ఉంచుకోనిచ్చింది. దాంతో పేదలకు పంచాల్సిన మిగులు భూమి పెద్దగా తేలే అవకాశమే లేకపోయింది. 1972లో పి.వి. నరసింహారావు ప్రభుత్వం కొత్త బిల్లు తెచ్చింది. మాగాణి అయితే 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54 ఎకరాలు అన్నది దాని లెక్క. అంతలోనే తెలంగాణ ఉద్యోగాల్లో స్థానికులకే అవకాశమన్న ముల్కీ నిబంధనలను సమర్థించిన తీర్పు, ప్రత్యేక ఆంధ్ర కోరిన జై ఆంధ్ర ఉద్యమం వచ్చి 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన విధించారు. చట్టం అమల్లోకి వచ్చేసరికి 1975 జనవరి 1 అయింది.

ప్రకటనకూ అమలుకూ మధ్య ఉన్న ఈ ఎడమే అసలు నష్టం చేసిందని నా నమ్మకం. 1971 జనవరి 24 తరువాతి బదిలీలు సక్రమమైనవని నిరూపించుకునే బాధ్యతను చట్టం యజమానిపైనే పెట్టింది కాబట్టి, అంతకు ముందటి తేదీలు వేసిన పంపకాల కాగితాలు పుట్టుకొచ్చాయి. పైగా, మిగులు కింద ఏ సర్వే నంబర్లు వదులుకోవాలో ముందుగా ప్రతిపాదించే అవకాశం కూడా యజమానిదే. చెరువు కింది మాగాణిని అట్టిపెట్టుకుని, చౌడు నేలనూ రాళ్ల గుట్టనూ వదిలేసిన డిక్లరేషన్లు (యజమానులు తమ భూముల వివరాలతో ఇచ్చే పత్రాలు) నేను చూశాను. పట్టా చేతికొచ్చినా నాగలి దిగని నేలతో ఆ పేదవాడు ఏం చేసుకోగలడు?

సమాధానం – పన్నుల సలహాదారు:
నేరమంతా రాజకీయ నాయకులదే అనడం సరికాదు. భూమి కంటికి కనబడుతుంది. స్టాక్ మార్కెట్లో లేని కుటుంబ కంపెనీ వాటాకు ఏటా విలువ కట్టడం నిజంగానే కష్టం. అయితే సంపద పన్ను వసూళ్లు 2013–14లో 1,008 కోట్ల రూపాయలకు మించలేదంటే దానికి ఆ కష్టం ఒక్కటే కారణం కాదు. 1993 నుంచి షేర్లను ఆ పన్ను పరిధి నుంచి తప్పించారు. సంపన్నుల ఆస్తిలో పెద్ద భాగాన్ని అలా మినహాయించి, తరువాత రాబడి తక్కువన్న కారణంతో పన్నునే తీసేశారు. దాని బదులు కోటి రూపాయలు దాటిన ఆదాయం ఉన్నవారు కట్టే ఆదాయపు పన్నుపై 2 శాతం అదనపు సర్‌చార్జి వేశారు. అది వసూలుకు సులువే కానీ, ఆదాయంగా చూపని సంపదను అది తాకదు.

సమాధానం – గోదావరి గట్టు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. దీన్నిబట్టి వారసత్వ సమయంలో వేసే పన్నే కొంత సాధ్యమనిపిస్తోంది, ఎందుకంటే ఆస్తి చేతులు మారేటప్పుడు పత్రాలు ఎలాగూ బయటికి రావాలి. కానీ దాని ఫలితం ముప్పై ఏళ్ల తరువాతి పిల్లలకు అందుతుంది, వారికి ఈ రోజు ఓటు లేదు. నష్టపోయేవారు మాత్రం ఈ ఎన్నికలకే విరాళాలివ్వగలరు. ఎస్టేట్ సుంకం గరిష్ఠ రేటు ఒకప్పుడు 85 శాతం ఉండేది. అంత పెద్ద అంకెను ప్రకటించడం కంటే, మినహాయింపులు లేని చిన్న రేటుతో మొదలుపెట్టడమే మేలని నాకు తోస్తోంది. ట్రస్టుల పేరిట పెట్టిన ఆస్తిని అందులోకి ఎలా తేవచ్చో సలహాదారు గారు చెప్పగలరా?