తువాలుకి కావాల్సింది సలహాదారులా, నిధులా?

తీరంగట్టు: పసిఫిక్‌లోని చిన్న దీవుల దేశం తువాలు జనాభా పదకొండు వేల చుట్టూ. ఖజానా లెక్కలు తెలిసిన అధికారుల్ని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఇలాంటిచోటికి దాతలు విదేశీ నిపుణుల్ని పంపాలా, డబ్బిచ్చి ఊరుకోవాలా?

లెక్కలపిచ్చి: డబ్బే, అదీ కంచె వేసి. 1987లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, బ్రిటన్, తువాలు కలిసి సుమారు 2.7 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లతో ట్రస్ట్ ఫండ్ పెట్టాయి. ‘ఎ’ (A) అనే ఖాతాలో అసలు ఉంటుంది, దాన్ని మార్కెట్లలో పెట్టుబడిగా పెడతారు. ఆస్ట్రేలియాలో ధరలు పెరిగినంత మేరా ఆ అసలు హద్దునీ పెంచుతారు. నిధి విలువ ఆ హద్దు దాటితేనే మిగులు ‘బీ’ (B) ఖాతాలోకి వస్తుంది, ప్రభుత్వం తీసుకోగలిగేది అక్కణ్ణుంచే. మార్కెట్లు పడిన ఏడాది చిల్లిగవ్వ రాదు కాబట్టి మంచి రోజుల్లోనే బీలో నిల్వ ఉంచుకోవాలి. ఇంత గట్టి కంచె లేని మరో పసిఫిక్ దేశం నౌరూలో, ఫాస్ఫేట్ గనుల సొమ్ము లండన్‌లో ఓ సంగీత నాటకానికి పెట్టుబడిగా కూడా వెళ్ళింది!

సువాదారి: నిధి బాగానే ఉందండీ, లెక్కలు రాసేదెవరు? బ్యాంకు స్టేట్‌మెంట్‌తో ఖజానా పద్దుల్ని సరిచూసే మనిషి స్కాలర్‌షిప్ మీద ఫిజీ రాజధాని సువా వెళ్తే ఆ పని ఆగుతుంది. దాంతో వార్షిక లెక్కలు, ఆ వెనకే ఆడిట్ ఆలస్యమవుతాయి. బడ్జెట్ సాయం విడతని ఆ ఆడిట్‌తో ముడిపెట్టి ఉంటే డబ్బూ ఆగుతుంది. అప్పుడు బయటి మనిషి రాక తప్పదు.

లెక్కలపిచ్చి: వచ్చినాయన పనంతా తానే చేసేసి రెండేళ్ళకి విమానం ఎక్కుతాడు. మిగిలేది ఎవరికీ కొరుకుడుపడని ఎక్సెల్ ఫైలు.

సువాదారి: అది ఒప్పందం రాసినవాళ్ళ లోపం. నివేదికల సంఖ్య చూసి జీతమిస్తే నివేదికలే వస్తాయి. మొదటి ఆరు నెలలు ఆయన చేయాలి, తర్వాత స్థానిక ఉద్యోగి చేస్తుంటే ఆయన చూడాలి. చివరి ఏడాది లెక్కల ముగింపు ఆయన చెయ్యి పడకుండా జరగాలి. ఇద్దరికి నేర్పాలి, ఒకరు వెళ్ళిపోతారని ముందే అనుకుని. సోలమన్ దీవుల్లో 2003 నుంచి 2017 దాకా ఆస్ట్రేలియా నాయకత్వంలో నడిచిన ప్రాంతీయ సహాయ బృందం రామ్సీలో, చాలా ప్రభుత్వ సీట్లలో విదేశీయులే కూర్చున్నారు. ప్రభుత్వం కుప్పకూలినచోట అది నడిచింది గానీ, తువాలు పరిస్థితి అది కాదు.

పగడపుదిబ్బ: ప్రతి నైపుణ్యమూ ప్రతి దీవిలో ఉండాలన్న పట్టుదలెందుకు? పసిఫిక్ ఆడిట్ సంస్థల సంఘం పసాయ్ ఆధ్వర్యంలో కిరిబాటి, నౌరూ, తువాలు ఆడిటర్లు ఒకే బృందంగా మూడు దేశాల ఖాతాలూ తనిఖీ చేశారు. చిన్న ఊళ్ళో బంధువు పద్దుని బంధువే చూసే ఇబ్బంది కూడా దీంతో తగ్గుతుంది. స్టాఫ్ మాత్రం సొంత ఆఫీసు వదిలి వెళ్ళాలి, విమాన ఖర్చు ఎవరో ఒకరు పెట్టుకోవాలి.

తీరంగట్టు: ఆ ఖర్చు దాతలు పెట్టుకుంటే సరి. దాంతోపాటు బడ్జెట్ తయారయ్యే నెలల్లో వాళ్ళ బృందాలు తువాలు రాజధాని ఫునాఫుటిలో దిగకూడదు. బడ్జెట్ రాసేవాళ్ళూ, ఆ బృందాలతో మీటింగుల్లో కూర్చునేవాళ్ళూ అదే నలుగురు.