ప్యాడ్ వాయించేవాడు బ్యాండ్ గేమ్ ఆడితే: క్లోన్ హీరో మీద మొదటి అభిప్రాయం, రెండు అనుమానాలు

బరాత్_ప్యాడ్ (హన్మకొండ):

అందరికీ నమస్తే. నేను గేములాడే మనిషిని కాదు. పెళ్లి బ్యాండులో ప్యాడ్ వాయిస్తాను. బరాత్‌లో డీసీఎం మీద స్పీకర్ల నడుమ నిలబడి ఆక్టోప్యాడ్ కొట్టేవాడు ఒకడుంటాడు కదా, ఆ పని. హన్మకొండ చుట్టుపక్కలే కాకుండా ఇటు పరకాల, అటు జనగామ దాకా తిరుగుతుంటాం. ఇప్పుడు మూఢం. ముహూర్తాల్లేవు, బుకింగుల్లేవు, చేతులేమో ఊరికే ఉండవు. మా బామ్మర్ది బీటెక్ పిల్లగాడు. "బావా, నీ పనే గేమ్‌గా వచ్చింది చూడు" అని వాడి ల్యాప్‌టాప్‌లో క్లోన్ హీరో ఎక్కించి, మా హాల్లో టీవీకి తగిలించి పోయాడు.

తెలియనివాళ్లకు ఒక మాట. 2005లో గిటార్ హీరో అని వచ్చింది, ప్లాస్టిక్ గిటారు మెడలో వేసుకుని ఆడేది. అదే పద్ధతిలో అభిమానులు తయారుచేసుకున్నది ఈ క్లోన్ హీరో. పైసా ఖర్చు లేదు, పాత ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. గిటారు, బేస్, డ్రమ్స్, ఎవరి భాగం కావాలంటే అది పట్టుకోవచ్చు. నేను ఏది పట్టుకున్నానో చెప్పక్కర్లేదు.

మొదట కనిపించేది ఒక రోడ్డు. దాని మీద రంగు రంగుల గుండ్లు మన వైపు వస్తుంటాయి. మా మేనమామది భూపాలపల్లి. చిన్నప్పుడు అక్కడ కన్వేయర్ బెల్టు మీద బొగ్గు కదిలిపోతుంటే నిలబడి చూసేవాణ్ని. అచ్చం అట్లనే, ఎవరి కోసమూ ఆగదు. డ్రమ్‌సెట్‌లో ఒక్కో భాగానికి ఒక్కో రంగు: ఎరుపొస్తే స్నేర్, పసుపుకు హై-హ్యాట్, నీలానికి టామ్, ఆకుపచ్చకు క్రాష్. కిక్‌కు, అంటే కాలితో కొట్టే పెద్ద డ్రమ్ముకు, మాత్రం గుండు ఉండదు, రోడ్డుకు అడ్డంగా ఒక పట్టీ వస్తుంది. ఇది నాకు మస్తు నచ్చింది. కిక్ అంటే మిగతా దెబ్బలన్నిటి కింద పరుచుకునే దెబ్బ. దాన్ని ఒక మూలన గుండుగా పెట్టకుండా అడ్డంగా పరిచినవాడికి డ్రమ్స్ తెలుసు.

నచ్చనిది కూడా చెప్తా. చార్టులో, అంటే పాటకు ముందే పేర్చిపెట్టిన దెబ్బల వరసలో, లేని దెబ్బ ఒక్కటి పడ్డా కాంబో (తప్పు లేకుండా సాగే లెక్క) పోతుంది. వరసగా 10 నోట్లు కొడితే స్కోరు రెండింతలు, 20కి మూడింతలు, 30కి నాలుగింతలు అవుతుంది. నేను నాలుగింతల దాకా ఎక్కుతాను. పల్లవి అయిపోయి చరణంలోకి దిగే చోట చెయ్యి దానంతట అదే ఒక చిన్న రోల్ వేస్తుంది. అంతే, మళ్లీ మొదటికి. బరాత్‌లో ఆ రోల్ వెయ్యకపోతే "ఏమైందిరా, నిద్రపోతున్నవా" అని మా క్లారినెట్ కాకా తిరిగి చూస్తాడు. ఇక్కడ వేస్తే నేరం.

ఇంకొకటి. నేను వాయించేటప్పుడు ప్యాడ్ చూడను, ముందు ఎగిరేవాళ్ల కాళ్లు చూస్తాను. తీన్మార్ మీద పోరగాళ్లు అలిసిపోతే మడమలు లేవవు, పాదం నేలకు రాసుకుంటూ పోతుంది. అది కనపడగానే వేగం ఒక పిసరు తగ్గించాలి. పెళ్లికొడుకు మేనత్తలు దిగితే ఇంకా తగ్గించి, చప్పట్లకు చోటు వదలాలి. బ్యాండు మొత్తం నా వెనక వస్తుంది. గేమ్‌లో పాట నా వెనక రాదు, నేనే దాని వెనక పోవాలి. ఇన్నేళ్లుగా బండి నడిపినవాణ్ని వెనక సీట్లో కూర్చోబెట్టినట్టుంది.

ఇక నా రెండు అనుమానాలు. ఒకటి: పాట విని, సరిగ్గా దెబ్బ మీద కొడితే మిస్ అంటోంది. పాట వినిపించకముందే కొడితే హిట్ ఇస్తోంది. చేతిలో తప్పు లేదని నాకు తెలుసు. మరి ఏం జరుగుతోంది? రెండు: కీబోర్డు మీటలతో నా వల్ల కాదు. నా దగ్గర ఎస్‌పీడీ-30 ఆక్టోప్యాడ్ ఉంది, 8 ప్యాడ్లది. దాన్ని ల్యాప్‌టాప్‌కు తగిలించి ఆడొచ్చా? ఆడితే సీజన్ మొదలయ్యేసరికి నా చెయ్యి పాడవుతుందా, బాగుపడుతుందా?

కీబోర్డు_కరీంనగర్:

అన్నా, నీ చెయ్యి సరిగ్గానే ఉంది, టీవీది ఆలస్యం. ల్యాప్‌టాప్ నుంచి పోయిన బొమ్మను, శబ్దాన్ని టీవీ కొంచెం సేపు తన దగ్గర పెట్టుకుని, మెరుగులు దిద్ది బయటికి వదులుతుంది. సినిమా చూసేటప్పుడు రెండూ కలిసే ఆలస్యమవుతాయి కాబట్టి మనకు తెలియదు. గేమ్‌కు అది కుదరదు. పాట నీ చెవికి చేరేసరికి గేమ్ లెక్కలో ఆ దెబ్బ దాటిపోయి ఉంటుంది. అందుకే ముందు కొడితేనే హిట్ పడుతోంది.

టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ ఉంటే పెట్టు. శబ్దం టీవీ నుంచి కాకుండా ల్యాప్‌టాప్ జాక్ నుంచి వైరు ఇయర్‌ఫోన్స్‌తో విను. బ్లూటూత్ జోలికి అసలు పోకు, అందులో 150, 200 మిల్లీసెకన్ల ఆలస్యం మామూలు విషయం. ఆ తర్వాత గేమ్‌లో కాలిబ్రేషన్ చెయ్యి, అంటే ఆలస్యం ఎంతో గేమ్‌కు చెప్పి సరిచేయడం. శబ్దానికి వేరు, బొమ్మకు వేరు ఉంటాయి. ముందు శబ్దానిది, కళ్లు మూసుకుని చెయ్యి. నీలాంటి చెవి ఉన్నవాళ్లకు అదే సులువు.

ఇదంతా నీకు కొత్తేం కాదు. గాలిలో శబ్దం మీటరు దూరానికి సుమారు 3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. స్పీకర్ల బండికి 20 మీటర్ల ముందు ఎగిరేవాడికి నీ దెబ్బ 60 మిల్లీసెకన్లు లేటుగా చేరుతుంది. అందుకే దూరం నుంచి చూస్తే వాళ్ల కాళ్లు ఎప్పుడూ వెనకబడ్డట్టు కనిపిస్తాయి. అదంతా చూసీ చూడనట్టు సర్దుకుపోతూ వాయిస్తున్నావు కదా. గేమ్‌కు ఆ సర్దుబాటు తెలియదు, అంకె వేసి చెప్పాలి.

పాత_డ్రమ్ముల_మామ (కాజీపేట, ఇప్పుడు హైదరాబాద్):

తమ్మీ, నీ పోస్టు చదివి నా పాత ఎక్స్‌బాక్స్ 360 గుర్తొచ్చింది. నువ్వు అడిగే బ్యాండు భావం క్లోన్ హీరోలో తక్కువ, అది ఎవరి స్కోరు వాళ్లు చూసుకునే ఆట. దాని కోసం 2007లో వచ్చిన రాక్ బ్యాండ్ చూడాలి. గిటార్ హీరో మొదట తయారుచేసిన హార్మోనిక్స్ వాళ్లదే. గిటారు, బేస్, డ్రమ్స్, మైకు, నలుగురు ఒకే గదిలో. ఒకడు తప్పుల మీద తప్పులు చేసి బయటికి పోతే, మిగతావాళ్లలో ఎవరి దగ్గరైనా ఓవర్‌డ్రైవ్ (కొన్ని ప్రత్యేక నోట్లు సరిగ్గా కొడితే నిండే శక్తి) కనీసం సగం నిండి ఉంటే అది వాడి వాణ్ని మళ్లీ పాటలోకి లాగొచ్చు. అట్లా రెండుసార్లే. మూడోసారి పోతే పోయినట్టే. మా రూములో పాడేవాడు ప్రతి పాటకూ పోయేవాడు, నా ఓవర్‌డ్రైవ్ అంతా వాడికే ఖర్చు.

నీ రోల్ బాధకు కూడా అందులో మందుంది. ఓవర్‌డ్రైవ్ సగం నిండాక డ్రమ్మర్‌కు మధ్యలో కొంత ఖాళీ జాగా వస్తుంది. అక్కడ నీ ఇష్టం, ఏమైనా వాయించుకోవచ్చు. చివర్లో వచ్చే ఆకుపచ్చ క్రాష్ మాత్రం సరిగ్గా కొట్టాలి, అప్పుడే ఓవర్‌డ్రైవ్ అంటుకుంటుంది. కొన్ని పాటలైతే చివరన అందరికీ గేట్లు ఎత్తేస్తాయి, ఎవడికి తోచింది వాడు బాదుకోవచ్చు. ఆ ఆట చేసినవాళ్లు సంగీతం వాయించినవాళ్లే అని నాకు అక్కడే అర్థమైంది. ఇప్పుడు ఆ సామాను కొత్తది దొరకడం కష్టం. పాతది కొందామనుకుంటే ఒక్క మాట, ప్లాస్టిక్ కిక్ పెడల్ ముందు చూసుకో, విరిగేది అదే.

ఉచితంగా కావాలంటే యార్గ్ అని ఇంకొకటుంది. అందులో మైకుతో పాడేది కూడా ఉంది, రాక్ బ్యాండ్ వాసన ఎక్కువ. పాడటానికి మీ ఇంట్లో ఎవరినైనా కూర్చోబెట్టు.

ఏడు_లేన్ల_పిల్ల (మంచిర్యాల):

అన్నా, ల్యాప్‌టాప్ లేనివాళ్ల తరఫున నేనూ ఒక మాట చెప్తాను. నేను ఫోన్లో బ్యాన్‌డ్రీమ్ గర్ల్స్ బ్యాండ్ పార్టీ ఆడతాను. 2017లో జపాన్‌లో మొదలైంది. ఇందులో వాయిద్యానికో రోడ్డు ఉండదు. మొత్తం పాటకు కలిపి ఏడు లేన్లు, తట్టేవి కొన్ని, వేలు జరిపేవి కొన్ని, పైకి విసిరేవి కొన్ని. మీరన్నట్టు హిట్టా మిస్సా అని రెండే ఉండవు. పర్ఫెక్ట్, గ్రేట్, గుడ్, బ్యాడ్, మిస్. పేరుకు గుడ్ అంటారు గానీ గుడ్ పడితే కాంబో తెగిపోతుంది. మా ఇంట్లో మార్కుల లెక్క కూడా ఇంతే కాబట్టి నాకు అలవాటే.

నాకు నచ్చేది పాటల మధ్యలో కథ. బళ్లో చదివే పిల్లలు బ్యాండు పెట్టుకోవడం, ప్రాక్టీసుకు జాగా వెతుక్కోవడం, గొడవపడి విడిపోవడం, మళ్లీ కలవడం. పాపిన్‌పార్టీ అనే బ్యాండుకు గొంతు ఇచ్చిన అయిదుగురూ బయట స్టేజీ మీద నిజంగా వాయిస్తారు కూడా. నచ్చనిది కార్డుల లాటరీ. మంచి కార్డు పడాలంటే అదృష్టం ఉండాలి, లేదంటే డబ్బు పెట్టాలి. నేను పెట్టను. కార్డు చిన్నదైతే స్కోరు తగ్గుతుంది గానీ పాట ఆగదు.

ఫోన్లో ఆడాలనుకునేవాళ్లు ఫోన్ చేతిలో పట్టుకుని బొటనవేళ్లతో మొదలుపెట్టకండి. బల్ల మీద పెట్టి చూపుడువేళ్లతో ఆడండి. ఎక్స్‌పర్ట్ అనే కష్టమైన స్థాయికి వచ్చాక మార్చుకోవడం నరకం.

బరాత్_ప్యాడ్ (హన్మకొండ):

అందరికీ థ్యాంక్స్. కరీంనగర్ తమ్మి చెప్పినట్టు టీవీ తీసేసి, ల్యాప్‌టాప్‌కు వైరు ఇయర్‌ఫోన్స్ పెట్టి, కళ్లు మూసుకుని కాలిబ్రేషన్ చేశాను. ఇప్పుడు దెబ్బ మీద కొడితే దెబ్బ మీదే పడుతోంది.

ఎస్‌పీడీ-30 కూడా కలిసింది. యూఎస్‌బీ వైరు చాలు, మిడి (వాయిద్యాలు కంప్యూటర్‌తో మాట్లాడే పద్ధతి) కింద గుర్తుపడుతుంది. ఇలా చేసేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నా. ప్యాడ్ కొట్టినప్పుడల్లా ఒక నోట్ నంబరు పోతుంది. సాధారణ లెక్కలో కిక్ 36, స్నేర్ 38, మూసిన హై-హ్యాట్ 42, క్రాష్ 49. నాది అట్లా లేదు. తీన్మార్ కోసం నేను పెట్టుకున్న కిట్‌లో డప్పు, తాషా శబ్దాలు ఎక్కడెక్కడో ఉన్నాయి. దాన్ని ముట్టుకోకుండా గేమ్ కోసం వేరే కిట్ ఒకటి ఖాళీగా చేసుకుని నంబర్లు ఇచ్చాను. పెళ్లి కిట్ మీద మార్చుకుంటే రేపు బరాత్‌లో డప్పు మోగాల్సిన చోట క్రాష్ మోగుతుంది, జాగ్రత్త.

ప్యాడ్ మీద ఆడితే ఆట మొత్తం మారిపోయింది. కొన్ని చార్టుల్లో గట్టి దెబ్బకు ఒక గుర్తు, మెత్తటి దెబ్బకు ఒక గుర్తు ఉన్నాయి. కీబోర్డు మీట మీద ఆ తేడా ఎక్కడ పలుకుతుంది? ప్యాడ్ అయితే ఎంత గట్టిగా కొట్టామో కూడా పంపుతుంది. స్నేర్ మీద ఎడమచేత్తో వేసే చిన్న దెబ్బలు గేమ్ గుర్తుపడుతుంటే చిన్నపిల్లగాడి సంబరం నాకు.

చెయ్యి పాడవుతుందా అన్నదానికి ఇప్పటికి నాకు తోచింది ఇది. ఎడమచెయ్యికి మంచిదే. ఎప్పుడూ కుడిచేత్తో లాక్కుపోయే దెబ్బలు కొన్ని ఇక్కడ ఎడమకు వచ్చి పడుతున్నాయి, తప్పించుకునే వీల్లేదు. ఒకే వేగం మీద నిలబడటం కూడా వస్తుంది. స్టూడియోలో క్లిక్ మీద, అంటే చెవిలో టిక్ టిక్ అని వేగం చెప్పే శబ్దం మీద, వాయించేవాళ్లకు ఇది కావాలి. బండి మీద వాయించేవాడికి అసలు పని ఎదుటివాణ్ని చూడటం, అది ఈ గేమ్ నేర్పదు. నేర్పాలని నేనూ అడగను. మామ చెప్పిన ఖాళీ జాగా మాత్రం మనసులో పడింది, యార్గ్ కూడా ఎక్కించమని బామ్మర్దికి చెప్పాను.

ఒక ఆశ పుట్టింది. మా బ్యాండు వాయించే తీన్మార్‌ను చార్టుగా చేయొచ్చా? సినిమా పాట కాదు, మా సొంత దరువు. కాకా క్లారినెట్, నా ప్యాడ్, పెద్ద డ్రమ్ము. కిక్‌కు పెడల్ కొనాలా?

కీబోర్డు_కరీంనగర్:

చేయొచ్చు అన్నా, మీ సొంత వాయింపు కాబట్టి ఎవరికి పంచినా గొడవ లేదు. మూన్‌స్క్రేపర్ అని ఉచిత ఎడిటర్ ఉంది. దాంట్లో ఆడియో పెట్టి ఒక్కో నోటు రోడ్డు మీద పేర్చాలి. నోట్లు పేర్చడం కష్టం కాదు, వేగం గీయడం కష్టం. క్లిక్ పెట్టుకుని వాయించిన పాటకు ఒక్క బీపీఎం (నిమిషానికి ఎన్ని దెబ్బలు అనే లెక్క) వేస్తే చివరిదాకా సరిపోతుంది. మీది అలా కాదు, కాళ్లు చూసి తగ్గిస్తావు, పెంచుతావు. అందుకే ప్రతి బారుకూ (తాళం ఒక చుట్టుకూ) బీపీఎం విడిగా సరిచేసుకుంటూ పోవాలి, లేకపోతే రెండో నిమిషానికి గీతలు ఒకచోట, దెబ్బలు ఒకచోట ఉంటాయి. ఆ పని నేను చేసిపెడతా. ఆడేవాళ్లకు మేనత్తలు ఎక్కడ దిగారో కూడా తెలియాలి కదా.

పెడల్ ఇప్పుడే వద్దు, కింద వరస ప్యాడ్లలో ఒకదానికి 36 ఇవ్వు. అలవాటయ్యాక వెనక ఉన్న ట్రిగ్గర్ జాక్‌కు పెడల్ తగిలించుకోవచ్చు.

రికార్డింగ్‌లో నీ ప్యాడ్ ఒక ఫైలు, క్లారినెట్, పెద్ద డ్రమ్ము కలిపి ఇంకో ఫైలుగా తీయి. అప్పుడు ఆడేవాడు మిస్ కొడితే ప్యాడ్ శబ్దం ఒక్కటే ఆగిపోయేలా పెట్టొచ్చు. రెండు ఫైళ్లూ ఒకే క్షణం నుంచి మొదలవ్వాలి. మొదటి దెబ్బకు ముందు రెండు సెకన్లు ఖాళీ వదలడం మర్చిపోకు, లేకపోతే ఆడేవాడు కర్రలు చేతిలోకి తీసుకునేలోపే మొదటి గుండు దాటిపోతుంది.