కొలాసల్‌లో ఆస్కార్ విలనేనా, బలవంతంగా విలన్ని చేశారా? (కథంతా ఉంది, చూడనివాళ్ళు ఇక్కడే ఆగండి)

కృష్ణలంక_కుర్రోడు:
నిన్న రాత్రి చూశాను. 2016లో టొరంటో ఫెస్టివల్‌లో వేసి మరుసటేడు థియేటర్లలో వదిలిన సినిమా. డైరెక్టర్ నాచో విగలొండో, స్పెయిన్ ఆయన. మర్చిపోయినవాళ్ళ కోసం కథ: గ్లోరియా (ఆన్ హాతవే)కి ఉద్యోగం లేదు, తాగుడు ఉంది. తెల్లారి ఇంటికొచ్చే ఈమెతో విసిగిపోయి న్యూయార్క్‌లో బాయ్‌ఫ్రెండ్ బయటికి పంపేస్తాడు. సొంతూరికి వచ్చి ఖాళీ ఇంట్లో పడుకుంటుంది. చిన్నప్పటి క్లాస్‌మేట్ ఆస్కార్ (జేసన్ సుడేకిస్) తన బార్‌లో పని ఇస్తాడు. రోజూ పొద్దున 8:05కి ఆమె అక్కడి పిల్లల పార్కులో కాలు పెడితే సియోల్‌లో రాక్షసి లేస్తుంది. ఈమె తల గోక్కుంటే అదీ గోక్కుంటుంది. తర్వాత ఆస్కార్ కాలు పెడితే అక్కడ రోబో.

ఇంతవరకు కేక. సెకండాఫ్‌లో ఏమైంది ఆ డైరెక్టర్‌కి? నేల మీద పడుకున్న అమ్మాయికి టీవీ తెచ్చినవాడు, సామాన్లు తెచ్చినవాడు, పని ఇచ్చినవాడు ఉన్నట్టుండి శాడిస్టా? ట్విస్ట్ కోసం మంచివాణ్ణి బలిచ్చారు. నా రేటింగ్ 2.

పక్కసీటు:
ట్రైలర్ చూసి కామెడీ అనుకుని మా ఆవిడతో కూర్చున్నా. సగం నుంచి ఇద్దరం మాట్లాడుకోలేదు.

సాయంత్రం_ఆరింటికి:
ఉన్నట్టుండి కాదండీ, మొదటి నుంచీ వాడు అంతే. రాత్రి తాగి మాట్లాడినవి ఆమెకి సగం గుర్తుండవు, అతనికి అన్నీ గుర్తే. తాగుడుతో ఇల్లు పోగొట్టుకున్న మనిషికి బార్‌లో పని ఇవ్వడం సాయమా? ఆ టీవీ ఆమె కోసం వచ్చిందని మీరనుకుంటున్నారు. ఆ ఇంట్లోకి ఎప్పుడు పడితే అప్పుడు రావడానికి వచ్చింది.

లాజిక్_లింగం:
అవన్నీ పక్కన పెట్టండి. క్లైమాక్స్‌లో గ్లోరియా సియోల్‌కి ఫ్లైట్ ఎక్కుతుంది కదా, తను అక్కడ నిలబడితే రాక్షసి ఈ ఊరి పార్కులో లేస్తుందని. డబ్బులెక్కడివి?

కృష్ణలంక_కుర్రోడు:
మేడం, టీవీ తెచ్చినా తప్పేనా? తేకపోతే "ఫ్రెండ్‌వి అయ్యుండి పట్టించుకోలేదు" అంటారు. మగాడు ఏం చేసినా లోపల ఏదో ఉందనుకోవడం ఇప్పుడు ఫ్యాషన్ అయిపోయింది.

సాయంత్రం_ఆరింటికి:
బార్ మధ్యలో ఇంత పెద్ద బాణసంచా వెలిగించింది ఎవరు? బాయ్‌ఫ్రెండ్ టిమ్ ఎదురుగా, "నేనేం చేసినా ఈమె నన్ను వదిలి వెళ్ళదు" అని చూపించుకోవడానికి. నువ్వెళ్ళిపోతే రోజూ పార్కులోకి వెళ్ళి సియోల్‌ని తొక్కుతానని బెదిరించింది ఎవరు?

కృష్ణలంక_కుర్రోడు:
అదే నేనూ అంటున్నది. అంత ఓవర్‌గా రాసుకుంటేగానీ మనకి వాడి మీద కోపం రాదు.

బెజవాడ_టు_డాలస్:
ఎవరికీ పట్టని ముచ్చట ఒకటి. ఈ సినిమాని అమ్ముకునేటప్పుడు గాడ్జిల్లా బొమ్మ వాడారని 2015లో ఆ బొమ్మ హక్కులున్న జపాన్ కంపెనీ తోహో కేసు వేసింది. తర్వాత రాజీపడ్డారు.

లాజిక్_లింగం:
మంచి సమాచారం. టికెట్ సంగతి?

సువాన్_నుంచి:
నేను కొరియాలో ఉంటాను, సియోల్ పక్కనే. ఆఫీసులో వాళ్ళకి చూపిద్దామనుకుని ఆగిపోయాను. ఒకావిడ తాగుడు మానడానికి, ఆమె ఫ్రెండ్ తన కుళ్ళు బయటపెట్టుకోవడానికి మా ఊళ్ళో మనుషులు చావాలా? మీరు టీవీ గురించి మాట్లాడుతున్నారు. ఆ రాక్షసి కింద పడినవాళ్ళలో ఒక్కడికి పేరుందా?

సాయంత్రం_ఆరింటికి:
ఆమె కొరియన్‌లో రాయించుకుని వచ్చి పార్కు నేల మీద సారీ రాస్తుంది కదండీ. పొరపాటైంది, మళ్ళీ జరగదని.

సువాన్_నుంచి:
చనిపోయినవాళ్ళు చదువుకుంటారు లెండి.

ఉప్పల్_మెట్రో:
నాది వేరే బాధ. ఆవిడ తాగుడు ఎంత తేలిగ్గా మానేసింది! వణుకు లేదు, చెమట లేదు, దాచిన సీసా లేదు. మా నాన్నతో పదకొండేళ్ళు చూశాం. బియ్యం డబ్బాలో చెయ్యి పెడితే క్వార్టర్ సీసా తగిలేది. సినిమా మొత్తంలో నేను నమ్మింది చివరి అర నిమిషమే. అంతా అయ్యాక సియోల్‌లో ఒక బార్‌లో కూర్చుంటుంది, అక్కడి అమ్మాయి తాగడానికి ఏమైనా ఇవ్వనా అంటుంది, గ్లోరియా ఒక నిట్టూర్పు విడుస్తుంది. ఆ నిట్టూర్పు నాకు తెలుసు.

పక్కసీటు:
నేను నవ్వాను అక్కడ. ఇప్పుడు సిగ్గుగా ఉంది.

లాజిక్_లింగం:
ఇంకో డౌట్. పార్కులో పొద్దున 8:05 అంటే సియోల్‌లో రాత్రి 9:05, చలికాలమైతే 10:05. న్యూయార్క్ నుంచి డైరెక్ట్ ఫ్లైటే పద్నాలుగు, పదిహేను గంటలు పడుతుంది. ఆమె దిగి, టాక్సీ పట్టి, సరిగ్గా ఆ టైముకి రోబో ముందు నిలబడింది. ఇమిగ్రేషన్ క్యూ లేదా?

సువాన్_నుంచి:
రాక్షసులు వస్తుంటే సియోల్‌కి ఎవడొస్తాడు బ్రదర్, క్యూ ఖాళీనే.

కృష్ణలంక_కుర్రోడు:
సరే, సీరియస్‌గా చెప్తాను. మా ఫ్రెండ్ ఒకడు పని లేక హైదరాబాద్ వచ్చాడు. అమీర్‌పేటలో నా రూమ్‌లో ఏడు నెలలు ఉన్నాడు. అద్దె అడగలేదు, మెస్ బిల్లు నేనే కట్టాను, వాడి రెజ్యూమె నేనే తిప్పాను, ఇంటర్వ్యూకి నా షర్టు వేసుకెళ్ళాడు. ఉద్యోగం వచ్చిన రెండో వారమే వెళ్ళిపోయాడు. పెళ్ళికి పిలవలేదు. తర్వాత వేరేవాళ్ళ దగ్గర అన్నాడట, "వాడి రూమ్‌లో నాకు ఊపిరాడేది కాదు" అని. ఏడు నెలలు ఆడిన ఊపిరి ఎవరిదండీ? అందుకే ఆస్కార్‌ని అలా చూపిస్తే నాకు మండుతుంది. చివరికి రాక్షసి చేత్తో పట్టుకుని ఆకాశంలోకి విసిరేయిస్తే హాల్లో చప్పట్లు కొట్టారట.

సాయంత్రం_ఆరింటికి:
అయ్యో, బాధాకరమే. ఒక్క మాట అడుగుతాను. ఆ ఏడు నెలలూ అతను బయటికెళ్తే ఎక్కడికని అడిగేవారా?

కృష్ణలంక_కుర్రోడు:
నా రూమ్. నేను అడగనా?

సాయంత్రం_ఆరింటికి:
ఎవరితో ఫోన్ మాట్లాడుతున్నాడని?

కృష్ణలంక_కుర్రోడు:
ఏం మాట్లాడుతున్నావు నువ్వు? నన్ను ఆ సైకోతో పోలుస్తున్నావా? నీలాంటివాళ్ళకి సాయం చేసేవాడంటేనే అనుమానం. ఎప్పుడూ ఎవరికీ పది రూపాయలు పెట్టినట్టు లేదు నీ మాటలు చూస్తే.

సాయంత్రం_ఆరింటికి:
నువ్వు అనకండి. మీకు చెల్లెల్ని కాదు.

మోడరేటర్:
ఇద్దరూ ఆగండి. మీరు నుంచి నువ్వుకి దిగితే ఇక్కడ తాళం వేస్తాను.

బెజవాడ_టు_డాలస్:
పాప్‌కార్న్.

సాయంత్రం_ఆరింటికి:
తాళం వేసే ముందు ఒకటి రాయనివ్వండి. మావారికి ఉద్యోగం పోయినప్పుడు బావగారు మాకో ఫ్రిజ్ కొనిపెట్టారు. మేం అడగలేదు. డబుల్ డోర్. ఇంటికి ఎప్పుడొచ్చినా చెప్పులు విప్పి నేరుగా ఫ్రిజ్ దగ్గరికే వెళ్ళేవారు. తలుపు తీసి, అర్ధ నిమిషం నిలబడి, "పనీర్ కూడా తింటున్నారే" అని నవ్వేవారు. ఒక్కరోజు గట్టిగా మాట్లాడలేదు, ఒక్క మాట తప్పుగా అనలేదు. ఆయన వస్తున్నారంటే నేను పనీర్ తీసి పక్కింట్లో పెట్టొచ్చేదాన్ని. ఎవరికి చెప్పుకుంటే నమ్ముతారు? ఫ్రిజ్ కొనిచ్చిన మనిషి కదా. ఆస్కార్ టీవీ మోసుకొచ్చిన సీన్‌లోనే నా కడుపులో తిప్పింది. మీరు మంచివాణ్ణి చూశారు, నేను బావగారిని చూశాను.

ఉప్పల్_మెట్రో:
🙏

కృష్ణలంక_కుర్రోడు:
మీరు అని రాస్తున్నాను, సారీ. కానీ మీ బావగారి ఫ్రిజ్‌కీ నా మెస్ బిల్లుకీ సంబంధం లేదు. నేను వాడి ప్లేట్‌లోకి తొంగి చూడలేదు. పెళ్ళికి ఒక ఫోన్, అంతే అడిగాను. చేసినవాడికి అది కూడా ఆశించే హక్కు లేదా?

సాయంత్రం_ఆరింటికి:
ఆశించొచ్చు. రాకపోతే ఏం చేస్తామన్నది కదా సినిమా. చిన్నప్పుడు స్కూలుకి తయారుచేసుకున్న ఆమె బొమ్మ నగరం గాలికెగిరిపోతే తెచ్చిస్తానని వెళ్ళింది ఆస్కారే. వెళ్ళి, కాలితో నలిపేశాడు. అప్పటికి ఆమె వాడికి ఏం బాకీ ఉంది? తన బొమ్మ కన్నా బాగుందని, అంతే.

కృష్ణలంక_కుర్రోడు:
ఆ సీన్ ఒప్పుకుంటాను. కానీ ఆ పిల్లాడు పెద్దయ్యాక ఆ ఊళ్ళోనే ఉండిపోయాడు, ఆమె న్యూయార్క్ వెళ్ళింది. వెళ్ళినవాళ్ళ కథలు సినిమాలవుతాయి. ఉండిపోయి బార్ నడుపుకున్నవాడు రోబో అవుతాడు. నాకు అక్కడ తగిలింది.

సాయంత్రం_ఆరింటికి:
ఇది మొదటి పోస్ట్‌లోనే రాసుంటే నేను ఇంత గొడవ పడేదాన్ని కాదు. అయినా విలనే.

లాజిక్_లింగం:
బార్‌లో జీతం, టిప్పులు కలిపి లెక్కేశాను. వన్‌వే అయితే ఓకే.

కృష్ణలంక_కుర్రోడు:
రేటింగ్ రెండున్నర చేస్తున్నా. మేడం, ఇంతకీ ఆ ఫ్రిజ్ ఏమైంది?

సాయంత్రం_ఆరింటికి:
ఉద్యోగం వచ్చాక తిరిగి పంపాం. బావగారు తీసుకోలేదు. ఇప్పుడు మా అపార్ట్‌మెంట్ వాచ్‌మెన్ గదిలో ఉంది. వాళ్ళావిడ దాంట్లో పూలు అమ్మకానికి పెట్టుకుంటుంది.