విశాఖలో పాదచారిని బస్సు ఢీకొంటే తప్పెవరిది?

చర్చ ప్రారంభించినవారు (గోపాలపట్నం):

నగరంలో బస్సు కింద ఎవరైనా పడిన ప్రతిసారీ అందరూ డ్రైవర్‌నే నిందిస్తారు. నా దృష్టిలో ఎక్కడపడితే అక్కడ రోడ్డు దాటేవారిదే అసలు తప్పు. ఎన్‌ఏడీ కొత్తరోడ్డు నుంచి మద్దిలపాలెం వరకు డివైడర్ మీద ఎత్తైన ఇనుప కంచె వేసి, దాన్ని ఎక్కి దాటేవారికి జరిమానా విధించాలి. మీరేమంటారు?

మద్దిలపాలెం నుంచి ఒక ప్రయాణికుడు:

జరిమానాతో నేను ఏకీభవించలేను. చంటిపిల్లతో డివైడర్ ఎక్కే మనిషికి అది ప్రమాదమని తెలియదా? బస్సు దిగిన చోటికీ, భద్రంగా దాటగలిగే చోటికీ మధ్య దూరం ఎక్కువ కాబట్టే ఆ పని చేస్తున్నారు. గాజువాక నుంచి మధురవాడ వరకు 16వ నంబరు జాతీయ రహదారి ఊరి మధ్య నుంచే పోతోంది. ఇల్లు ఒక పక్క, బడి, ఆసుపత్రి, సంత మరో పక్క ఉన్నవారికి రోడ్డు దాటడం రోజూ తప్పని పని. పైగా 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద సిటీ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితమైంది. ఎక్కేవారు పెరిగితే, దిగి దాటేవారూ పెరుగుతారు కదా.

నేను రోజూ దిగే స్టాపులో ఈ మధ్య చూసినది చెబుతాను. బస్సు ఆగవలసిన చోట నాలుగు ఆటోలు నిలిచి ఉండటంతో బస్సు రోడ్డు మధ్య వరుసలోనే ఆగింది. ఒక తల్లి ఏడేళ్ల కొడుకుతో దిగి, ఆటోల మధ్య సందు దొరకక బస్సు ముందు నుంచే దాటబోయింది. చేతిలోని సంచి జారిపోతే తీసుకోవడానికి వంగింది. అదే క్షణంలో కండక్టర్ "రైట్" అన్నాడు. పిల్లవాడి తల ముందు అద్దం కింది అంచుకైనా అందదు, తల్లి వంగి ఉంది, డ్రైవర్ కళ్లు ఎడమ అద్దంలో ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్నవారిపై ఉన్నాయి. ఎవరో బస్సు రేకు మీద దబదబా బాదితే బ్రేకు పడింది. బంపర్‌కూ ఆ పిల్లవాడికీ మధ్య జానెడు దూరం మిగిలింది. అక్కడ జరిమానా ఎవరికి వేస్తారు? ఆ తల్లికా?

నేను కోరేది ఒక్కటే. బస్సు స్టాపు జీబ్రా గీతలకు ముందు కాకుండా, వాటిని దాటిన తరువాత ఉండాలి. అప్పుడు దిగినవారు బస్సు వెనుక నుంచి దాటుతారు, బస్సు వారికి దూరంగా కదులుతుంది. గీతలకు ముందు ఆగితే బస్సే తెరలా అడ్డుపడి, కుడివైపు నుంచి దూసుకొచ్చే వాహనదారుడికి దాటే మనిషి కనబడడు.

వేగం సంగతీ చూడండి. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే బస్సు, డ్రైవర్ కాలు బ్రేకు మీదికి చేరే ఒక్క సెకనులోనే 11 మీటర్లు ముందుకు వస్తుంది. ఆ తరువాత మొదలయ్యే ఆగే దూరం వేగం రెట్టింపైతే నాలుగింతలవుతుంది. దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో మరణించిన 1,68,491 మందిలో 32,825 మంది పాదచారులే. ఇంతమందినీ అజాగ్రత్తపరులని ఎలా అనగలం? మోటారు వాహనాల చట్టానికి 2019లో చేర్చిన 198ఎ సెక్షన్ ప్రకారం, రోడ్డు రూపకల్పనలో, నిర్వహణలో భద్రతా ప్రమాణాలు పాటించనందువల్ల ప్రాణం పోతే సంబంధిత అధికారికి, కాంట్రాక్టరుకు లక్ష రూపాయల వరకు జరిమానా ఉంది. మీరు అడిగే జరిమానా అక్కడ మొదలు కావాలి.

పదవీ విరమణ చేసిన డ్రైవర్:

పై మిత్రుని మాట చాలావరకు నిజమే. అయితే మా వృత్తివారిని పూర్తిగా వదిలేయకండి. స్టాపులో ముందున్న బస్సును కుడివైపు నుంచి దాటి, దానికి అడ్డంగా ఆపి జనాన్ని ఎక్కించుకునే అలవాటు మాలో ఉంది. అది రోడ్డు లోపం కాదు. ఎడమకు మలుపు తిప్పేటప్పుడు వెనుక చక్రాలు ముందు చక్రాల కంటే లోపలికి కోసుకు వస్తాయి. మలుపు అంచున నిలబడినవారికి ఆ సంగతి తెలియదు, తెలిసిన డ్రైవరే ఆగి చూసుకోవాలి.

చర్చ ప్రారంభించినవారు:

స్టాపుల విషయంలో మీ వాదన ఒప్పుకుంటున్నాను. కంచె మాత్రం ఉండాల్సిందే.

మద్దిలపాలెం నుంచి ఒక ప్రయాణికుడు:

ఉండనివ్వండి, కానీ ప్రతి స్టాపు వద్దా దానిలో దారి వదలాలి, అక్కడ పాదచారుల సిగ్నల్ పెట్టాలి. మోకాళ్ల నొప్పులున్న ముసలమ్మ ఒక పచ్చదీపం వెలిగేలోపు సగం రోడ్డే దాటగలదు కనుక, డివైడర్ దగ్గర ఆమె సంచితో సహా నిలబడేంత వెడల్పు ఉండాలి.