చీటీ డబ్బు ఎగ్గొట్టినాయన ఉజ్జీవ కూటంలో ఏడిస్తే మారుమనస్సు అయిపోయినట్టేనా?

వెనకచాప_అక్క:
అందరికీ వందనాలు. మా సంఘంలో క్వయర్ నడిపించే ఒకాయన చీటీలు వేసేవాడు. నమ్మకస్తుడని సంఘంలో వాళ్లమే ఎక్కువ మందిమి కట్టాం, చివరికి చీటీ పాడుకున్న వాళ్లకి కూడా ఇవ్వకుండా చేతులెత్తేశాడు. నావి 1,20,000, మా అమ్మాయి నర్సింగ్ ఫీజుకని దాచినవి. కొన్నాళ్లు గుడికి రావడం మానేశాడు. మొన్న ఉజ్జీవ కూటాల్లో ముందుకొచ్చి, మోకాళ్ల మీద పడి వెక్కి వెక్కి ఏడ్చి సాక్ష్యం చెప్పాడు, జనమంతా స్తోత్రం అన్నారు, నెల తిరక్కుండా మళ్లీ కీబోర్డు దగ్గర కూర్చున్నాడు. డబ్బు ఊసే లేదు. నేనడిగితే "దేవుడే క్షమించాక మధ్యలో నువ్వెవరమ్మా" అన్నారు పెద్దలు. తీసుకున్నది తిరిగిచ్చే ఆలోచన లేకుండా మారుమనస్సు ఉంటుందా? వాక్యం చూపించి చెప్పండి.

కృపే_చాలు:
సిస్టర్, మీ నష్టం పెద్దదే, కాదనను. కానీ రెండు విషయాలు కలిపేస్తున్నారు. అప్పు సంగతి కోర్టులో తేల్చుకోవచ్చు, మారుమనస్సు దేవుడికీ ఆ మనిషికీ మధ్య జరిగేది. సిలువ మీద దొంగ ఎవరికి ఏం తిరిగిచ్చాడు? ఆ రోజే పరదైసు దొరికింది. 51వ కీర్తనలో దావీదు కూడా నీకే, కేవలం నీకే విరోధంగా పాపం చేశానన్నాడు. ఇచ్చాకే క్షమాపణ అంటే అది కొనుక్కోవడం. ఇంక కృప ఎక్కడుంది?

దుబాయ్_తమ్ముడు:
ఆ దొంగ చేతులకి మేకులున్నాయి బ్రదర్. ఈయన చేతులు కీబోర్డు మీద ఉన్నాయి.

గుండ్లకమ్మ_తాత:
అమ్మా, సంఖ్యాకాండం 5వ అధ్యాయం చూడు. పాపం ఒప్పుకోవాలి, అసలు ఇవ్వాలి, దానికి ఐదో వంతు కలిపి ఎవరికి నష్టం చేశాడో వాళ్లకే ఇవ్వాలి. మత్తయి 5లో ప్రభువు అర్పణ బలిపీఠం ముందే వదిలిపెట్టి ముందు వెళ్లి సహోదరుడితో సమాధానపడమన్నాడు. ఈయన అర్పణ ఆ పాటలే కదా, కొన్నాళ్లు పక్కన పెడితే కొంపలేం మునగవు. మా ఒంగోలు వైపు పనిచేసిన అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారి సంగతి అందరికీ తెలిసిందే. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వే పని కాంట్రాక్టుకి తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు. అప్పుడు బాప్తిస్మం ఇవ్వమని వెంటపడితే ఇవ్వలేదు, కూటి కోసం వచ్చారో ప్రభువు కోసం వచ్చారో తేలాలన్నాడు. కరువు సాయం ఆగాకే ఇచ్చారు, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి. ఆగి చూడటం కృపకి విరోధం అయితే ఆ రోజు వచ్చేదే కాదు.

కృపే_చాలు:
తాతగారూ, ఆ 2,222 మందిని బాకీలు తీర్చారా అని అడిగారా ఎవరైనా? పన్నులు వసూలు చేసే సుంకరి జక్కయ్య పేరు ఇంకా ఎవరూ ఎత్తలేదు, ఎత్తుతారని తెలుసు కాబట్టి నేనే ఎత్తుతున్నా. లూకా 19:5లోనే ప్రభువు నీ ఇంట్లో ఉంటాను దిగు అన్నాడు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానని జక్కయ్య అన్నది 8లో. కృప ముందు.

లూథరన్_మనవడు:
ఈ ఇంటికి రక్షణ వచ్చిందని ప్రభువు అన్నది 9లో. 8 తర్వాత.

కృపే_చాలు:
5 లేకపోతే 8 లేదు.

లూథరన్_మనవడు:
8 లేకపోతే 9 లేదు. 1517లో లూథర్ రాసిన 95 వాదాల్లో మొట్టమొదటిదే విశ్వాసి బతుకంతా మారుమనస్సుగా సాగాలని. ఒక రాత్రి కూటంతో ముగిసేది కాదు.

కృపే_చాలు:
ఆ 95 రాసిందే డబ్బు తీసుకుని పాపక్షమాపణ పత్రాలు అమ్ముతున్నారని! లూథరన్లై ఉండి అది మర్చిపోతే ఎలా?

వెనకచాప_అక్క:
ఆ పత్రాలు అమ్మిన టెట్జెల్ పెట్టెలో వేయమనట్లేదయ్యా. నా డబ్బు నాకిమ్మంటున్నా. రెండూ ఒకటెలా అవుతాయి?

కృపే_చాలు:
అదీ అసలు మాట. మీకు కావాల్సింది ఆయన ఆత్మ కాదు, మీ లక్షా ఇరవై. ఆయన దగ్గర లేకపోతే? లేనివాడికి మారుమనస్సు లేదా? ఎంత ఇస్తే ఒప్పుకుంటారు, ఐదో వంతు కలపాలా, నాలుగంతలా? ఆ లెక్క మీరే వేస్తారా?

ఫోన్లో_బైబిల్:
బ్రదర్ ఇది ఎక్కువైంది.

వెనకచాప_అక్క:
వడ్డీ అడిగానా నేను? నెలకి 500 ఇస్తానక్కా అని ఒక్కసారి మా గుమ్మం దగ్గరికొచ్చి ఉంటే ఈ పోస్టే పెట్టేదాన్ని కాదు. రాలేదు. దారిలో ఎదురైతే ప్రైజ్ ద లార్డ్ అక్కా అని నవ్వుకుంటూ పోతాడు. సాక్ష్యంలో చీటీ అన్న మాటే లేదు తెలుసా, "లోకంలో పడిపోయాను" అన్నాడంతే, లోకం అంటే ఎవరు, నేనా? పాస్టరు గారేమో మైకులో "సంఘమంతా ఈ తమ్ముణ్ణి క్షమించింది" అని ప్రకటించారు. సంఘంలో నేను లేనా? నన్నెవరడిగారు? మా అమ్మాయి చదువు మానేసి షాపులో నిలబడుతోంది, దాన్నెవరడిగారు? దావీదు కేవలం నీకే అన్నాడంటున్నారు. ఆయన చంపించిన ఊరియా అప్పటికే చచ్చిపోయాడు. నేను బతికే ఉన్నాను, ప్రతి ఆదివారం అతనికి కనపడేంత దూరంలో కూర్చుంటున్నాను.

లూథరన్_మనవడు:
సాక్ష్యంలో పేరెత్తలేదన్నదే అన్నిటికంటే పెద్ద విషయం. 1907లో ప్యాంగ్యాంగ్ ఉజ్జీవంలో కిల్ సన్‌జూ అనే పెద్ద లేచి, చనిపోయిన స్నేహితుడి ఆస్తి తన చేతికొస్తే అందులో డబ్బు వాడుకున్నానని సభలో చెప్పి, ఆ భార్యకి తిరిగిస్తానన్నాడు. ఎవరి డబ్బో, ఏం చేశాడో, ఎవరికివ్వాలో అన్నీ చెప్పాడు. అక్కడ ఉజ్జీవం రగిలింది అలాంటి ఒప్పుకోళ్లతోనే.

కృపే_చాలు:
సరే, పేరెత్తకపోవడం తప్పే. ఈ సంగతి మొదటి పోస్టులోనే చెప్పి ఉండాల్సింది. నేనెందుకు మొండికేస్తున్నానో కూడా వినండి. మా నాన్న తాగేవాడని ప్రభువు బల్లకి దూరం పెట్టారు. మానేశాడు, పూర్తిగా. అయినా పెద్దలు ఇంకొన్నాళ్లు చూద్దాం, ఫలాలు కనపడనీ అంటూనే ఉన్నారు. సంస్కారం ఇచ్చే ప్రతి ఆదివారం రొట్టె పళ్లెం ఆయన్ని దాటుకుని పక్కాయన దగ్గరికి వెళ్లేది, నేను పక్కనే ఉండేవాణ్ణి. అలాగే పోయాడు. సమాధి కార్యక్రమానికి రావడానికి కూడా అయ్యగారు వంద ప్రశ్నలు వేశారు. ఫలాలు తూచే తక్కెడ మనుషుల చేతికిస్తే ముల్లు ఎప్పటికీ మధ్యకి రాదు. అందుకే ఆ మాట వింటే నాకు మండుతుంది.

గుండ్లకమ్మ_తాత:
బాబూ, మీ నాన్నగారికి జరిగింది పెద్దల పాపం. అలాంటి వాడి గురించే పౌలు రెండో కొరింథీ 2లో, ఆ శిక్ష చాలు, ఇక క్షమించి ఆదరించండి, లేకపోతే దుఃఖంలో మునిగిపోతాడు అన్నాడు. ఆ చాలు అనే మాట మీ సంఘం అనలేదు. ఇక్కడ మొదలుపెట్టకుండానే అనేశారు. అక్కడ పెద్దలు తప్పు చేశారని ఇక్కడ ఈ అమ్మ నోరు మూసుకోవాలా?

కృపే_చాలు:
మూసుకోమనలేదు. చాలు అనేది ఎవరో చెప్పండి, అంతే. పెద్దలా? వాళ్లని నేను నమ్మను. అక్కా? ఆవిడ ఎప్పటికీ అనకపోతే?

వెనకచాప_అక్క:
ఎప్పటికీ అనదని అడక్కముందే తేల్చేశారు. మా పెద్దలూ అంతే.

ఫోన్లో_బైబిల్:
దాసుడు ఒనేసిము ఏమైనా బాకీ ఉంటే నా లెక్కలో వేయమని పౌలు అతని యజమాని ఫిలేమోనుకి రాశాడు. సంఘం తరఫున క్షమించేసింది పాస్టరు గారే కాబట్టి ఆ 1,20,000 ఆయన లెక్కలో వేయొచ్చేమో కనుక్కోండి.

దుబాయ్_తమ్ముడు:
ఆ పాస్టరు గారి నంబరు బ్లాక్ అయిపోద్ది ఇప్పుడు.

కృపే_చాలు:
జోకులు ఆపండి. అక్కా, పెద్దల మీటింగ్‌లో అడగండి, నెలకింత అని కాగితం రాయించుకోండి, దానికి నేను అడ్డు చెప్పను. కానీ ఆదివారం గుడిలో అందరి ముందు మాత్రం నిలదీయొద్దు. ఒకసారి అలా తలదించుకున్న మనిషి మళ్లీ లేవడు, నేను చూశాను.

వెనకచాప_అక్క:
అతను ఏడ్చింది అందరి ముందే కదా తమ్ముడూ.

కృపే_చాలు:
అందుకని?

వెనకచాప_అక్క:
మీటింగ్‌లో ఒకసారి అడుగుతాను. కాగితం రాకపోతే గుడిలోనే అడుగుతాను.